సిలిండర్‌లో సగం గాలి

నేను పిరికివాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా అగ్నిమాపక శాఖలో ఖాకీ వేసుకుని తిరుగుతున్నవాడు ఈ మాట రాస్తే నవ్వుతారని తెలుసు. మా ఇంట్లో ఎప్పుడో నవ్వేశారు. బల్లి మీద పడితే వాకిలి దాటి ఉరికే మనిషికి మంటలార్పే నౌకరీ ఎవరిచ్చారని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. "ఉరుకుడు పరీక్షల ఫస్టొచ్చిన, గందుకే ఇచ్చిన్రు" అంటాను. అది అబద్ధం కూడా కాదు.

మంటంటే నాకు అంత భయం లేదు. మంట కంటికి కనబడుతుంది, చప్పుడు చేస్తుంది, గాలిని బట్టి ఎటు పోతుందో చెప్పవచ్చు. నా భయమంతా బావులంటేనే. జనగామలో కొత్తగా చేరిన ఏడాది ఒక మేక వ్యవసాయ బావిలో పడింది. అది కరువు నేల, బావులు లోతు. నడుముకు తాడు కట్టి నన్ను దింపారు. సగం దూరం దిగాక తలెత్తి చూస్తే ఆకాశం అన్నం తినే పళ్ళెమంత అయింది. నాలుగు పక్కలా రాళ్ళు నా మీదికి జరుగుతున్నట్టు అనిపించి ఊపిరాడలేదు. మేకను నేను పట్టుకున్నానో, మేక నన్ను పట్టుకుందో ఇప్పటికీ తెలియదు. పైకి వచ్చాక మేక నిమ్మళంగా గడ్డి మేసింది. నేను రెండు రోజులు అన్నం తినలేదు. ఊరివాళ్ళు మెడలో దండ వేస్తే మాత్రం మేకపోతు గాంభీర్యంతో నిలబడ్డాను.

తర్వాత భూపాలపల్లిలో పని చేసిన ఏళ్ళలో బావి కాల్ వచ్చినప్పుడల్లా బండి దగ్గరో, పంపు దగ్గరో ఏదో ఒక పని కల్పించుకునేవాణ్ణి. తోటివాళ్ళకు తెలుసు. ఎవరూ బయట పెట్టలేదు. అలా నెట్టుకొచ్చి లీడింగ్ ఫైర్‌మన్ అయ్యాను, అంటే అధికారి తర్వాత మనిషిని. మానుకోట జిల్లాలో ఒక స్టేషన్‌కు వేశారు. ఆ స్టేషన్ పేరు రాయను. తప్పు నాది, దాని పేరు ఎందుకు చెడగొట్టాలి.

అక్కడికి మా కొత్త అధికారిగా మేడం వచ్చింది. కాటారం అవతల ఒక పల్లెలో పుట్టిన పిల్ల. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. పొట్టిగా, సన్నగా ఉంటుంది. మొదటి రోజు ఆమె పెద్ద బూట్లు వేసుకుని మెట్లు దిగుతుంటే మా డ్రైవర్ నా చెవిలో, "బూట్లు నడుస్తున్నయా, మేడం నడుస్తుందా అన్నా?" అన్నాడు. నేను నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

మా దగ్గర పొద్దున ఎనిమిదింటికి రోల్ కాల్ ఉంటుంది. అందరం వరసగా నిలబడాలి. అధికారి ఒక్కొక్క సామాను పేరు చదువుతారు, దానికి బాధ్యుడు "ఓకే" అంటాడు. పంపు ఓకే, నిచ్చెన ఓకే, తాళ్ళు ఓకే. చూసి చెప్పేవాడు తక్కువ, చెప్పాక చూసేవాడు ఇంకా తక్కువ. శాఖలో చేరినప్పటి నుంచి నేను విన్న పాట ఇదే. మేడం మొదటి రోజే దాన్ని ఆపించింది.

"ఓకే అనే మాట ఇగ నాకు చెప్పకుండ్రి. నంబర్ చెప్పుండ్రి. ట్యాంకుల నీళ్ళెన్ని, టైర్ల గాలెంత, సిలిండర్ల ప్రెషరెంత. మా నాయినను వరి ఎట్లుందని అడిగితే ఓకే అనడు. ఎన్ని మళ్ళకు తెగులొచ్చిందో లెక్క చెప్తడు."

మేము లోపల నవ్వుకున్నాం. మొదటి వారం నిజంగానే అన్నీ చూసి నంబర్లు చెప్పాం. రెండో వారం కొన్ని చూశాం. నెల తిరిగేసరికి నిన్నటి నంబరే ఇవాళా చెప్పడం నేర్చుకున్నాం. ఓకే అనే చోట ఒక అంకె వచ్చింది, అంతే. పాపం, అంకె విని ఆమె తృప్తిగా రాసుకునేది.

నా బాధ్యత బీఏ సెట్. పొగలోకి, విషవాయువులోకి పోయేటప్పుడు ముఖానికి మాస్కు పెట్టుకుని, వీపుకు గాలి సిలిండర్ తగిలించుకునే సామాను అది. నిండుగా ఉంటే ముల్లు రెండు వందల మీద ఉంటుంది, అంటే అరగంట గాలి. గాలి అయిపోవస్తుంటే దానంతట అదే విజిల్ వేస్తుంది. విజిల్ మోగిందంటే ఎక్కడున్నా, ఏం చేస్తున్నా బయటికి రావాలి. మా స్టేషన్‌లో రెండు సెట్లు ఉండేవి. ఒకటి చెడిపోయి మరమ్మతుకు పోయింది. మిగిలింది ఒక్కటి.

ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలు వచ్చాయి. బడుల్లో, బజార్లలో మంటలార్పి చూపించాలి, కరపత్రాలు పంచాలి. ఒక హైస్కూల్ మైదానంలో తడి గడ్డి కాల్చి పొగ పెట్టి, అందులోంచి నేను బీఏ సెట్‌తో నడిచి రావాలని నిర్ణయమైంది. మేడం ఆ రోజు ఇంకో ఊళ్ళో కార్యక్రమానికి పోయింది. నేను పొగలోంచి బయటికి వస్తుంటే పిల్లలు కొట్టిన చప్పట్లకు నాకు నిజంగానే ఛాతీ ఉబ్బింది. అంతా అయ్యాక ఒక పెద్ద అధికారి తీరిగ్గా కారు దిగాడు. మళ్ళీ ఒకసారి చేసి చూపించమన్నారు, ఫోటోల కోసం. చేశాను. ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, చెయ్యి ఊపుతూ నడిచాను.

సెట్ విప్పేటప్పుడు ముల్లు చూశాను. తొంభై. అంటే సగం కన్నా తక్కువే.

నింపాలంటే వరంగల్ పోవాలి. మర్నాడంతా దానికే పోతుంది. ఉన్న ఒక్క సిలిండర్‌ను రెండుసార్లు ఎందుకు వాడావని మేడం అడుగుతుంది, అందరి ముందూ అడుగుతుంది. ఆ వయసు పిల్ల చేత తిట్లు తినడం నాకు నామోషీ అనిపించింది. వారోత్సవాలు గడవనీ, ఎల్లుండి ఎట్లాగూ బండి అటు పోతుంది, చప్పుడు చేయకుండా నింపుకొద్దాం అనుకున్నాను. మర్నాడు రోల్ కాల్‌లో ఆమె "బీఏ సెట్?" అంది.

"రెండు వందలు మేడం."

ఆమె రాసుకుంది. పక్కనున్నవాడు తాళ్ళ సంఖ్య చెప్పడం మొదలుపెట్టాడు.

అదే రోజు పదకొండు గంటలకు కాల్ వచ్చింది. గూడూరు అవతల, గంగారం పోయే దారిలో ఒక లంబాడీ తండా. బావిలో ఇద్దరు పడిపోయారు, పలకడం లేదు. ఫోన్ చేసిన మనిషి "గాలాడుతలేదంట సారూ, జల్ది రాండ్రి" అని ఏడుస్తున్నాడు.

మిగతా సిబ్బంది కరపత్రాలు పంచడానికి పోయారు. స్టేషన్‌లో ఉన్నది మేడం, డ్రైవర్, నేను, హెర్నియా ఆపరేషన్ అయి ఇంకా బరువులెత్తకూడని ఒక పాత ఫైర్‌మన్. నలుగురం బండెక్కాం. నేను బీఏ సెట్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సైరన్ మోగుతోంది, మిరపకాయ బస్తాల ఆటోలు పక్కకు జరుగుతున్నాయి, నాకేమీ వినిపించడం లేదు. ఆ దారి పొడుగునా నేను దేవుణ్ణి అడిగింది ఆ ఇద్దరి ప్రాణాల గురించి కాదు. సిగ్గు విడిచి రాస్తున్నాను. మేము పోయేసరికి ఊరివాళ్ళే వాళ్ళను పైకి తీసి ఉండాలని, నేనా పెట్టె మూత తెరిచే అవసరం రాకూడదని అడిగాను. ఇరవై నిమిషాల దారి అది. చెప్పడానికి ఇరవై నిమిషాలున్నాయి. మేడం నా ముందు సీట్లోనే కూర్చుని ఉంది. నేను చెప్పలేదు.

తండాకు అర కిలోమీటరు ఇవతల, మొక్కజొన్న కోసేసిన చేనులో ఉంది బావి. ఏడు నిలువుల లోతుంటుంది. చుట్టూ జనం. ఒక ముసలాయన రెక్కలు పట్టుకుని ఇద్దరు ఆపుతున్నారు. లోపల ఉన్నది ఆయన కొడుకులే, ఇద్దరూ పెళ్ళయినవాళ్ళు. ఆయన తన భాషలో ఏదో అరుస్తూ, మమ్మల్ని చూసి తెలుగులోకి మారాడు.

"బిడ్డా, ఇద్దరూ అండ్లనే ఉన్నరు. నన్ను దిగనిస్తలేరు."

జరిగిందేమిటో మేడం ఆయన నోటితోనే రాబట్టింది. బావిలో పూడిక తీయడానికి ముందు ఉన్న నీళ్ళు తోడేయాలి. నీళ్ళు మరీ కిందికి పోయాయి, ఒడ్డున పెట్టిన ఇంజన్‌కు అందవు. అందుకని డీజిల్ ఇంజన్‌ను తాళ్ళతో దింపి, బావి మధ్యలో ఉన్న రాతి గద్దె మీద పెట్టి నడిపారు. పొద్దుటి నుంచి నడిచి నడిచి డీజిల్ అయిపోయి ఆగింది. పోయడానికి చిన్న కొడుకు దిగాడు. క్యాన్ మూత తీస్తూ తల తిరిగి కింద బురదలో పడ్డాడు.

"పెద్దోడు దిగుతనంటే నేనే ఆపిన బిడ్డా. మా తాతల కాడికెళ్ళి తెలిసిందే గదా, లోపల గాలి మంచిగ లేకుంటే దీపం ఆరిపోతదని. లాంతరు ముట్టించి తాడుకు కట్టి అడుగు దాక ఇడిసిన. ఆరలే. మంచిగ వెలిగింది. దీపం వెలుగుతుంది, పో బిడ్డా అని నేనే చెప్పిన."

బావిలోకి వంగి చూశాను. అడుగున లాంతరు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ వెలుతురులో ఇద్దరు మనుషులు బురదలో ఒకరి మీద ఒకరు ఒరిగి, పనికి విరామం దొరికి కునుకు తీస్తున్నట్టు ఉన్నారు. పాత బావుల్లో ఊరే చెడు గాలికి దీపం ఆరిపోతుంది, నిజమే. ఇంజన్ పొగలోని విషం సంగతి వేరు. అది మనిషిని చంపుతుంది గాని దీపాన్ని ముట్టదు. తాతల కాలంలో బావిలోకి ఇంజన్ దింపినవాడు లేడు, అందుకే ఈ సంగతి చెప్పినవాడూ లేడు.

మేడం చకచకా పని పంచింది. డ్రైవర్ పంపు పెట్టి బావిలోకి నీటి తుంపర కొట్టాలి. ఊరివాళ్ళు వేపమండలు కట్టగట్టి తాడుతో దింపి పైకీ కిందికీ ఆడించాలి, గాలి కదలడానికి. పూడిక కోసం వాళ్ళు కట్టుకున్న గిలక మీదుగా మా తాడు వేయాలి. పక్క స్టేషన్‌కు ఫోన్ చేసి బీఏ సెట్ పంపమంది. వాళ్ళు రావడానికి గంటకు పైనే పడుతుందన్నారు. చివరికి నా వైపు తిరిగింది.

"అన్నా, నువ్వే గదా దిగేది?"

నేనే దిగాలి. అధికారి పైనుండి పని నడిపించాలి, సెట్ మీద తర్ఫీదు పొందినవాడు లోపలికి పోవాలి. అది పద్ధతి. నేను బావిలోకి చూశాను. జనగామ బావిలో ముఖానికి తగిలిన తడి రాళ్ళ వాసన మళ్ళీ ముక్కుకు తగిలింది.

"మోకాలు పట్టేసింది మేడం" అన్నాను.

ఆమె నా మోకాలి వైపు చూడలేదు. నా ముఖం చూసింది. ఆ చూపు ఒక్క క్షణమే. తర్వాత పెట్టె మూత తెరిచి సెట్ తీసి తన వీపుకు తగిలించుకోసాగింది. నేను పట్టీలు బిగించాను. మాస్కు సరిచేశాను. ఇన్ని పనులు చేస్తున్న నా చేతులకు ఆ సిలిండర్‌లో ఎంత గాలుందో తెలుసు. నోరు మాత్రం పెగల్లేదు. చెబితే ఏమవుతుంది? ఇక్కడున్న వంద మంది వింటారు. నన్ను ఈ బావి దగ్గరే కొట్టి చంపుతారు. ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే? ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల అరగంట గాలి ఉందనుకుని దిగుతుంది. ఇది రెండో ఆలోచనగా వచ్చింది నాకు. మొదటిది నా ఉద్యోగం.

ఆమె చెయ్యి వెనక్కి పెట్టి వాల్వు తిప్పింది. భుజం మీద వేలాడే మీటర్‌ను అరచేతిలోకి తీసుకుని చూసింది. ముల్లు తొంభై దగ్గర ఆగింది. తట్టి చూసింది. కదల్లేదు.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మాస్కు కాస్త ఎత్తి, నాకొక్కడికే వినబడేలా, "తొంభై" అంది. కళ్ళు మూసుకుని పెదవులతో ఏదో లెక్క వేసుకుంది.

"ఒక్కర్నే తేగలుగుత. రెండోసారి దిగేటందుకు గాలుండది."

అప్పుడు నాకు మాట వచ్చింది. "నేను దిగుత మేడం. నాకియ్యుండ్రి."

"వద్దు. భయపడేటోనికి గాలి ఎక్కువ ఖర్చయితది. తాడు పట్టు. ఒక తాడు నాది, ఒకటి నేను పైకి పంపేటోనికి. మూడు సార్లు గుంజితే లాగుండ్రి. విజిల్ ఇనబడ్డంక నేను గుంజకున్నా నన్ను లాగు."

ఆమె దిగింది. నేను ఆమె తాడు పట్టుకుని గట్టు మీద బోర్లా పడుకున్నాను. చేతి గడియారం కళ్ళ ముందు పెట్టుకున్నాను. ఒక నిమిషంలో గద్దె దాటింది. రెండో నిమిషంలో అడుగుకు చేరింది. తుంపరకు లాంతరు అప్పుడే ఆరింది. ఇక అడుగున ఆమె హెల్మెట్ దీపం ఒక్కటే మసకగా కదులుతోంది. ఏం చేస్తోందో తెలియలేదు. ఆమె ఊపిరి తీసే బుస మాత్రం వినబడుతోంది, ఒక్కో బుసకూ ఎంత తగ్గిందో నేను లెక్క కడుతున్నాను. మూడో నిమిషం. నాలుగు. ఇంతసేపు ఎందుకు? తాడు కట్టడానికి అర నిమిషం చాలు. ముచ్చెమటలు కారి కళ్ళలో పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే ఆమె సైగ అందదేమోనని భయం. ఐదో నిమిషంలో రెండో తాడు మూడుసార్లు కదిలింది. జనమంతా కలిసి లాగారు. మనిషి సగం దూరం వచ్చాడో లేదో, అడుగు నుంచి విజిల్ మొదలైంది.

నా జీవితంలో విన్న చప్పుళ్ళలో అంత భయంకరమైనది లేదు. ఆగకుండా, సన్నగా. పైకి వస్తున్న మనిషి బావి గోడకు తగులుతూ దారికి అడ్డం ఉన్నాడు. ఆయన బయటపడేదాకా ఆమెను లాగలేం. "జల్ది! జల్ది!" అని నేను ఎవరి మీదో అరుస్తున్నాను. ఆయన్ని గట్టు మీదికి చేర్చగానే ఆమె తాడు లాగాం. ఆమె బరువే లేదు. నేనొక్కణ్ణే లాగానేమో కూడా. గట్టు మీద పడి మాస్కు పీకేసి వాంతి చేసుకుంది.

పైకి వచ్చింది పెద్ద కొడుకు. ఊపిరి ఉంది. అప్పటికే వచ్చి ఉన్న అంబులెన్స్‌లో మానుకోట దవాఖానకు పంపాం. ముసలాయన మేడం పాదాల దగ్గర కూలబడ్డాడు.

"చిన్నోడు? చిన్నోని సంగతేంది బిడ్డా? ఒక్కసారి మళ్ళ దిగరాదూ."

మేడం వంగి ఆయన్ని లేపింది. ఖాళీ సిలిండర్ నా కాళ్ళ దగ్గర పడి ఉంది. తుంపర కొడుతూనే ఉన్నాం, మండలు ఆడిస్తూనే ఉన్నాం. గంటంపావుకు పక్క స్టేషన్ వాళ్ళు నిండు సిలిండర్‌తో వచ్చారు. వాళ్ళ మనిషి అయిదు నిమిషాల్లో చిన్నవాణ్ణి పైకి తెచ్చాడు. ప్రాణం లేదు. ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేదు, డాక్టరు కూడా చెప్పలేదు. మేము దిగేసరికే పోయి ఉండవచ్చు అని నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను. పోయి ఉండకపోవచ్చు కూడా.

మేడం రిపోర్టులో సిలిండర్ తొంభై ఉందని రాసింది. స్టేషన్ బాధ్యత తనదని రాసింది. నా పేరు రాయలేదు. సంజాయిషీ అడుగుతూ ఆమెకు మెమో వచ్చింది. నాకు రాలేదు. మర్నాటి నుంచి రోల్ కాల్‌లో మీటర్లు తనే చేత్తో పట్టుకుని చూడసాగింది. నాతో మామూలుగానే మాట్లాడేది. నేనే ఆమె ముందు నిలబడలేక గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ తిరిగాను.

చిన్నవాడి దినాలు అయ్యాక ఒక రోజు మధ్యాహ్నం ముసలాయన స్టేషన్‌కు వచ్చాడు. మేడం హన్మకొండలో మీటింగ్‌కు పోయింది. ఆయన సంచిలోంచి ఒక కొత్త తువ్వాల తీసి నా భుజం మీద కప్పాడు.

"ఒక్కోన్నన్న దక్కిచ్చిన్రు. మీ కడుపు సల్లగుండ. నాదే తప్పు బిడ్డా. చిన్నోడు పడంగనే ఫోన్ చేయాలె. పక్క చేన్ల మనుషుల కోసం ఉరికిన, లాంతరు కోసం ఇంటికి ఉరికిన. నేను జల్ది చేస్తే ఇద్దరూ దక్కుదురు. నేనే సంపుకున్న."

తువ్వాల నా భుజం మీద బరువుగా ఉంది. అప్పుడు కూడా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయన వెళ్ళిపోతాడు, ఆ భారమంతా తనే మోసుకుంటూ పోతాడు. నాకు మళ్ళీ భయమేసింది, బావి దగ్గర వేసినంత భయం. కానీ ఈసారి నోరు తెరుచుకుంది.

"కాదు బాపూ. గాలి డబ్బా నిండుగ లేకుండె. ఉన్నదని నేను అబద్ధం చెప్పిన. నిండుగుంటే మేడం రెండోసారి దిగేది."

కొడతాడనుకుని కళ్ళు దించుకున్నాను. తువ్వాల తీసి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. సంచి చంకన పెట్టుకుని అన్నాడు, "నాకు చెప్పినవ్. మా పెద్దోనికి గూడ చెప్పు. వాడు తింటలేడు, పంటలేడు. వచ్చి చెప్పు."

గూడూరు బస్సులో ఆయన పక్కన కూర్చుని పోయాను. తండాలో దిగి నడుస్తుంటే మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పి వస్తే బాగుండేదనిపించింది. నన్ను ఇక్కడ ఏమైనా చేస్తే అడిగేవాడు లేడు. చేయాలి కూడా అనిపించింది.

పెద్ద కొడుకు రేకుల ఇంట్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తండ్రి ఏదో చెప్పి బయటికి పోయాడు. నేను నిలబడే చెప్పాను. వారోత్సవాలు, ఫోటోలు, రెండు వందలన్న మాట, తొంభై. ఏదీ దాచలేదు. ఆయన లేచి కూర్చున్నాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఏదో అడగడానికి భయపడుతున్న ముఖం అది. ఆ భయం నాకు బాగా తెలుసు.

"సారూ, ఒక్కటి చెప్పు. నేను తమ్మున్ని లేపుదామని వాని చెయ్యి పట్టుకున్న. గంత వరకు యాదున్నది. నాకు గూడ కండ్లు తిరిగినయ్. తర్వాత దవాఖానల కండ్లు తెరిచిన, చేతుల ఏం లేదు. నేను భయమై ఇడిసిపెట్టిన్నా? నేను బతకాలని వాన్ని ఇడిసిపెట్టిన్నా?"

ఇంతవరకు రాయకుండా దాటేసిన ఒక మాట ఉంది. ఆ రోజు తిరుగు దారిలో బండిలో మేడం నాతో ఒకే ఒక్క మాట మాట్లాడింది. బావి అడుగున అంతసేపు ఎందుకు పట్టిందో అడగలేదు నేను. ఆమే చెప్పింది. "ఒక్కో వేలు ఇప్పిన అన్నా. ఎంతకూ ఇడుస్తలేడు." అంతే. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"నువ్వు ఇడిసిపెట్టలే తమ్మీ" అన్నాను. "మేడం ఇడిపిచ్చింది. ఒక్కర్ని తేనీకే గాలుండె, అది నా వల్ల. నీ వేళ్ళు ఒక్కొక్కటి ఇప్పాల్సి వచ్చిందంట. సోయి లేకుంట గూడ నువ్వు ఇడువలే."

"గట్టిగనే పట్టుకున్ననా?"

"గట్టిగనే."

ఆయన తన కుడి చేతిని చూసుకున్నాడు. వేళ్ళు ముడిచాడు, విప్పాడు. తర్వాత భుజాలు అదిరేలా ఏడవసాగాడు. బయటి నుంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది, వెనక తండ్రి వచ్చాడు. ఆయన వాళ్ళతో తమ భాషలో ఏదో చెప్పాడు, చెయ్యి చూపిస్తూ చెప్పాడు. ముసలాయన ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని తన ముఖానికి ఆనించుకున్నాడు.

నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. క్షమించమని అడుగుదామనుకుని వచ్చాను గాని, ఆ మాట అడగడానికి అక్కడ చోటు కనబడలేదు. కాసేపటికి పెద్ద కొడుకు తలెత్తి నన్ను చూశాడు, నేనింకా అక్కడే ఉన్నానని అప్పుడే తెలిసినట్టు.

"చెప్పినవ్ గదా" అన్నాడు. "ఇగ పో."